ఉప్పల్ పిన్‌కోడుకు టీకా తాత్పర్యం

మూలం: 500039

అవతారిక: హైదరాబాదుకు తూర్పున వెలసిన ఉప్పల్‌కు తపాలా శాఖ ప్రసాదించిన ఆరంకెల సంఖ్య ఇది. 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చిన పిన్‌కోడు విధానానికి కర్త అయిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ కేంద్ర ప్రభుత్వ అధికారే కాక సంస్కృత కవి కూడా కావడం చేత, ఆయన కృతికి వ్యాఖ్యానం అవసరమవుతున్నది.

ప్రతిపదార్థం: 5 = తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలతో కూడిన తపాలా మండలమందు; 500 = ఉత్తరాలను వేరుచేసే హైదరాబాదు పరిధియందు; 039 = బట్వాడా చేసే ఉప్పల్ తపాలా కార్యాలయము. ఇందులోని సున్నలు పాదపూరణానికి వేసినవి కావు. ఒక్కటి జారినా మిగిలేది అయిదంకెలే కనుక అది పిన్‌కోడే కాకుండా పోతుంది.

తాత్పర్యం: ఉత్తరం ఉప్పల్ చేరవలెనని భావం.

విశేషాలు: ఈ సంఖ్య బేసి, అంకెల మొత్తం 17 కనుక 3తో తెగదు, 5తో మొదలైనా 5తో తెగదు, 7, 11, 17లలో దేనితో భాగించినా 1 మిగులుతుంది. కాబట్టి ఇది ప్రధాన సంఖ్య, అనగా 1తోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగింపబడనిది, అని పూర్వపక్షం. అది పొసగదు. ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగిస్తూ పోయే ఓపికమంతుడికి 121 సార్లు భంగపాటు కలిగి, 122వ ప్రధాన సంఖ్య అయిన 673 దగ్గర ఫలం దక్కుతుంది: 673 × 743 = 500039.

నారాయణ పండితుడు 1356లో గణితకౌముదిలో చెప్పిన, సుమారు మూడు శతాబ్దాల తర్వాత ఫ్రాన్సులో ఫెర్మా కూడా అనుసరించిన మార్గం ఇంతకన్నా దగ్గరిది. సంఖ్యను రెండు వర్గాల భేదంగా చూపడమే ఆ మార్గం. 500039 తర్వాత వచ్చే మొదటి వర్గం 501264, అంటే 708 వర్గం. ఈ రెంటి తేడా 1225, అది 35 వర్గం. 708లో 35 తీసివేసి ఒకసారి, కలిపి ఒకసారి చూస్తే రెండు కారణాంకాలూ మొదటి ప్రయత్నంలోనే బయటపడతాయి.

పొరుగున ఉన్న నాచారం సంఖ్య 500076. ఇది 37 మాత్రమే ఎక్కువైనా స్వభావం వేరు: 2 × 2 × 3 × 3 × 29 × 479గా విడిపోయే దీనికి 36 భాజకాలున్నాయి, ఉప్పల్‌కు నాలుగే. పైగా భాజకాల లెక్క అయిన ఆ 36 సైతం దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది.

ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం ఉన్నందున క్రీజులో ఇద్దరే ప్రధానులనీ, నాచారం పారిశ్రామికవాడ అయినందున వాటాదారులు ముప్పై ఆరుగురనీ ఎవరైనా సమన్వయించబోతే, అది త్రోసివేయదగినది. తపాలా శాఖ సంఖ్యలు ఇచ్చింది బట్వాడా కోసమే గాని కారణాంకాలు చూసి కాదు. కనుక ఈ మూలానికి పాఠాంతరాలు కల్పించక, చిరునామా కింద ఆరంకెలూ విడివిడిగా, స్పష్టంగా రాయవలసిందిగా పాఠకులకు మనవి.