నోటితో ఎంటర్ కొట్టేవాడు

కంప్యూటర్ జనంలో నల్లతెర వాళ్లది వేరే తెగ. బొమ్మలు నొక్కడం, మౌస్ జరపడం వాళ్లకు నామోషీ. నల్లటి తెర, దాని మీద మిణుకుమిణుకుమనే గీత, ఆ గీత దగ్గర రెండక్షరాలు కొడితే జరిగిపోయే పని. దాన్నే టెర్మినల్ అంటారు. ఈ తెగవాళ్లు పుట్టుకతో మితభాషులు. పెళ్లిచూపుల్లో పిల్ల పేరడగడం కూడా దండగ అనుకునే రకం. అలాంటివాడు ఒకానొక రోజు నోరు విప్పి, ఇక మూయకపోతే ఎలా ఉంటుందో తెలియాలంటే నిజాంపేటలో మా అపార్ట్‌మెంటుకు రావాలి. మూడో అంతస్తు. ఫ్లాట్ నంబరు అక్కర్లేదు, లిఫ్టు తలుపు తెరుచుకోగానే వినిపిస్తుంది.

ఆయన్ని వాచ్‌మన్ ‘మైకు సారు’ అంటాడు. మేమూ అదే ఖాయం చేసుకున్నాం.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ విద్య పుట్టింది సరదాకి కాదు. ఏళ్ల తరబడి కీబోర్డు మీద కొట్టి కొట్టి మణికట్లూ వేళ్లూ మొరాయించినవాళ్లు, ఉద్యోగం వదులుకోలేక, కంప్యూటర్‌తో నోటిమాటగా పని చేయించుకోవడం నేర్చుకున్నారు. 2013లో టావిస్ రడ్ అనే ప్రోగ్రామర్ పైకాన్ సభలో నిలబడి, వింత వింత పొట్టి మాటలతో గబగబా కోడ్ రాసి చూపించాడు. ఆయనకూ చేతులు దెబ్బతినే ఆ దారి పట్టాడు. అలాంటివాళ్లకు నా నమస్కారం. వాళ్లు తమ మానాన తాము పని చేసుకుపోతారు, పక్కింటికి తెలియదు కూడా.

మైకు సారుకూ మణికట్టు నొప్పి వచ్చింది. షటిల్ ఆడి. నాలుగు రోజులు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుంటే తగ్గిపోయింది. ఈలోగా మైకు వచ్చేసింది. మైకు ఖరీదు ఇంట్లో తెలిశాక నొప్పి మళ్లీ వచ్చింది.

ఇందులో పెద్ద తమాషా ఏమిటంటే, టెర్మినల్ ఆజ్ఞలు పొట్టిగా ఉన్నదే శ్రమ తగ్గడానికి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల ముందున్నది టెలిటైప్ యంత్రం. మీటలు గట్టిగా నొక్కితేగాని దిగవు, సెకనుకు పది అక్షరాలకు మించి అచ్చు వెయ్యదు. అందుకని ప్రతి మాటనూ పిండేశారు. జాబితా చూపించమనడానికి ‘ఎల్ఎస్’. నకలు తియ్యమనడానికి ‘సీపీ’. చెరిపెయ్యమనడానికి ‘ఆర్ఎమ్’. ‘క్రియేట్’లో చివరి ‘ఇ’ కూడా మిగల్చలేదు. యూనిక్స్ మళ్లీ రాసే అవకాశం వస్తే ఏం మారుస్తారని అడిగితే థామ్సన్ ఆ ‘ఇ’ పెడతానన్నాడు. అంత పిసినారితనంగా కూడబెట్టిన అక్షరాలను యాభై ఏళ్ల తర్వాత మైకు సారు నోటితో ఖర్చు పెడుతున్నాడు.

మొదట ఫోన్లో మెసేజ్ చెప్పినట్టే చెబుదామనుకున్నాడు. ‘ఎల్ఎస్’ అన్నాడు. యంత్రం ‘ఎల్స్’ అని విని, వాక్యం మొదలు కదా అని మొదటి అక్షరం పెద్దది చేసి, చివర చుక్క కూడా పెట్టింది. టెర్మినల్ ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంది. ‘సుడో’ అంటే ‘స్యూడో’ అని రాసింది. ‘గ్రెప్’ అంటే ద్రాక్షపళ్లు వచ్చాయి. ‘మైనస్ మైనస్’ అంటే రెండు అడ్డగీతలూ కలిపి చూడముచ్చటగా ఒకటే పొడుగు గీత గీసింది. ‘యుమౌంట్’ అంటే పాపం ఈయనకు స్పెల్లింగ్ రాదనుకుని మధ్యలో ‘ఎన్’ చేర్చింది. చదువుకున్నవాళ్ల భాష నేర్చిన యంత్రానికి ఈ గొడ్డలి నరుకు మాటలు ఏం తెలుస్తాయి! ఆయన మాత్రం తగ్గలేదు. 2006లో మైక్రోసాఫ్ట్ విస్టా ప్రదర్శనలో ‘డియర్ మామ్’ అంటే తెర మీద ‘డియర్ ఆంట్’ అని పడిన ముచ్చట దొరికినవాడికల్లా చెప్పేవాడు. అంత పెద్దవాళ్ల సభలోనే అమ్మ పిన్నయిపోగా లేనిది, మనదొక లెక్కా అని.

తర్వాత టాలన్ దొరికింది. ఇది ఇలాంటి పనికోసమే తయారైన సాఫ్ట్‌వేర్. ఇంగ్లీషులో బీ, డీ, పీ, టీ అన్నీ ఒకేలా వినబడతాయి కనక ఇందులో ప్రతి అక్షరానికీ ఒక పొట్టి మాట ఉంటుంది. ఎయిర్, బ్యాట్, క్యాప్, డ్రమ్, ఈచ్, ఫైన్... ఇలా చివర యాంక్, జిప్ దాకా. ఈ లెక్కన ఎల్ఎస్ అంటే ‘లుక్ సన్’. సీడీ అంటే ‘క్యాప్ డ్రమ్’. ఆర్ఎమ్ అంటే ‘రెడ్ మేడ్’. పై ఊళ్లో సర్వర్‌లోకి వెళ్లాలంటే ‘సన్ సన్ హార్ప్’. కింది వరుసకు దిగాలంటే ‘స్లాప్’. చెప్పింది చెరపాలంటే ‘స్క్రాచ్ దట్’. అలవాటైన చేతికి రెండు మీటల పని. అలవాటైన నోటికి రెండు మాటల పని. మైకు సారుకు మాత్రం అరగంట పని. ఎందుకంటే నోరు తెలుగుది.

మనం ఏ మాటనూ హల్లు మీద నిలబెట్టి వదలం. ఆఖర్న ఒక ఉకారం అద్దితేగాని తృప్తి ఉండదు. ‘లుక్కు సన్నూ’ అంటాడు. యంత్రం ఆ ‘ఊ’ని కూడా విని ఆలోచనలో పడుతుంది. ‘ఈచ్’ ముందు య తగిలించి ‘యీచ్’ అంటాడు. పైగా ఇంగ్లీషువాళ్లు మాట మొదట్లో పకారం పలికితే పెదవుల్లోంచి గాలి బుస్సుమంటుంది, మనకు అనదు. ఆ బుస లేని పకారం వాళ్ల చెవికి బకారంలా వినబడుతుంది. అంచేత ‘పిట్’ అంటే ‘బిట్’ అనుకుంటుంది. ఇది తెలిశాక మైకు సారు అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని ‘ప్హిట్... ప్హిట్...’ అని సాధన మొదలుపెట్టాడు. కింది ఫ్లాటు వాళ్లు పొయ్యి ఊదుతున్నారేమోనని గ్యాస్ ఏజెన్సీ వాడిని పంపారు.

ఈ సాధన మధ్యలో తణుకు నుంచి వాళ్ల అత్తగారు వచ్చారు. మొదటి రోజు తెల్లవారగానే గదిలోంచి ‘లుక్ సన్... లుక్ సన్...’ అని వినబడితే ఆవిడ ముచ్చటపడి, “అల్లుడుగారు సూర్యనమస్కారాలు చేస్తున్నారే, ఇంగ్లీషులో!” అన్నారట. మధ్యాహ్నం అదే గదిలోంచి ‘స్లాప్! స్లాప్! స్లాప్!’ అని వినబడింది. కూతురు కూడా ఆ గదిలోనే ఉంది. ఆవిడ తలుపు కొట్టకుండా తోసుకుని లోపలికి వెళ్లి, కూతుర్ని వెలుగులోకి తెచ్చి చెంపలు తిప్పి చూశారు.

బాల్కనీ గొడవ ఇంకోటి. గదిలో ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతోందని మైకు సారు బాల్కనీకి మారాడు. కింద పెద్దవాళ్లు వాకింగ్ చేసే వేళ. పైనుంచి మాట గట్టిగా వచ్చింది: “పేరెంటుని కిల్ చేస్తేగాని ఈ జోంబీ చైల్డ్ పోయేట్టు లేదు.” యూనిక్స్‌లో ఇది నూటికి నూరుపాళ్లూ నిజం. పని అయిపోయినా లెక్కల్లో మిగిలిపోయిన పిల్ల ప్రాసెస్‌ను తల్లి ప్రాసెస్ పట్టించుకోకపోతే తల్లిని చంపడమే మార్గం. కింద నడుస్తున్నవాళ్లకు ఈ ధర్మసూక్ష్మం తెలియదు. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ఆ సాయంత్రం పరామర్శకు వెళ్లి, కాఫీ తాగుతూ, మాటల మధ్య ఆస్తి తగాదాలేమైనా ఉన్నాయా బాబూ అని అడిగి వచ్చారు.

శబ్దాలతో కూడా పని చేయించుకునే వీలుంది. పెదవులతో ‘పప్’మంటే మౌస్ నొక్కినట్టు, ‘స్స్‌స్’ అంటే తెర కిందికి జరిగినట్టు అమర్చుకోవచ్చు. ఆయన అమర్చుకున్నాడు. వంటింట్లో కుక్కరుకు ఆ సంగతి తెలిసిపోయింది. పప్పు ఉడికేసరికి ఆయన చదువుతున్న లాగ్ ఫైలు అట్టడుగుకు చేరింది.

ఇంతవరకూ నష్టమేమీ లేదు. మైకు సారు ఒక మెరుగుదల చేసుకున్నాక వచ్చింది అసలు ముప్పు. ప్రతిసారీ ఎంటర్ కోసం ఒక మాట అనడం దండగనిపించి, మైకులో ఒక్క క్షణం మాట వినబడకపోతే ఎంటర్ దానంతటదే పడేలా స్క్రిప్టు రాసుకున్నాడు. ప్రపంచంలో మిగతావాళ్లు ఆలోచించడానికి ఆగుతారు. ఈయన ఆగితే పని జరిగిపోతుంది.

మొదటి ఫలితం మేనేజర్ ఫోన్ చేసినప్పుడు తెలిసింది. మైకు ఆపడం మరిచి, అవతలి మాటకు వినయంగా “యెస్ సర్” అన్నాడు. అని ఊరుకున్నాడు. యూనిక్స్‌లో ‘యెస్’ అని నిజంగానే ఒక ఆజ్ఞ ఉంది. దాని పక్కన ఏ మాట పెడితే ఆ మాటను ఆపమనేదాకా వరుసగా అచ్చు వేస్తూనే ఉంటుంది. తెర నిండా ‘సర్ సర్ సర్ సర్’ అని జలపాతం. ఆపాలంటే కంట్రోల్ సీ కొట్టాలి, అంటే ‘కంట్రోల్ క్యాప్’ అనాలి. ఫోన్లో మేనేజర్ ఉన్నాడు, అనలేడు. చేత్తో కొట్టొచ్చని తోచలేదు. ఆ కాల్ అయ్యేదాకా యంత్రం ఆయన తరఫున భక్తిగా జపం చేసింది.

రెండోది ఇంత సరదా కాదు. ఒక ఫోల్డర్లో పాత లాగ్ ఫైళ్లు పేరుకుపోయాయి. వాటిని చెరిపెయ్యాలి. ‘ఆర్ఎమ్’ అని, ఒక ఖాళీ వదిలి, నక్షత్రం గుర్తు, దానికి ఆనించి చుక్క, ‘లాగ్’ అనాలి. “రెడ్ మేడ్ స్పేస్ స్టార్...” దాకా వచ్చాడు. వంటింట్లోంచి ఇల్లాలు, “ఏమండీ, కింద అరలో స్పేస్ ఉందేమో చూస్తారా, దోసెల పిండి పెట్టాలి” అంది. ఆ తెలుగంతా యంత్రానికి తెలియలేదు, వదిలేసింది. తెలిసిన ఒక్క మాటా పట్టుకుని నక్షత్రం పక్కన ఇంకో ఖాళీ వదిలింది. ఈయన “ఆ... చూస్తా. డాట్ లాగ్” అని, ఫ్రిజ్ వైపు తిరిగి ఊరుకున్నాడు. ఎంటర్ పడింది.

నక్షత్రం పక్కన ఖాళీ వస్తే అర్థం మారిపోతుంది. నక్షత్రమంటే ఇక్కడున్న ఫైళ్లన్నీ, ఆ తర్వాత ‘.లాగ్’ అనే ఇంకో ఫైలు. టెర్మినల్ ఫైళ్లన్నీ చెరిపేసి, ‘.లాగ్ అనే ఫైలేదీ లేదండీ’ అని మర్యాదగా మనవి చేసుకుంది. నల్లతెర మీద రీసైకిల్ బిన్ ఉండదు. మైకు సారు ఫ్రిజ్ చూసి వచ్చేసరికి వారం రోజుల పని పోయింది. కింద అరలో చోటు మాత్రం ఉంది.

ఆఫీసులో ఏం చెప్పాడో తెలియదు. ఇంట్లో మాత్రం ఒక నిబంధన పెట్టాడు. ఆయన పని వేళల్లో ఎవరూ స్పేస్, స్టార్, ఎంటర్, రెడ్ అనకూడదు. అత్తగారికి తమిళ హీరో సినిమా గురించి మాట్లాడాలన్నా ‘ఆ సూపరు... ఆయన’ అనాల్సి వస్తోంది.

ఒక్కచోట మైకు సారు నోరు పెగలదు. ‘సుడో’ అన్నాక పాస్‌వర్డ్ అడుగుతుంది. మొదట్లో అదీ బాల్కనీలోంచే చదివాడు. ఎదురు ఫ్లాట్‌లో మూడో తరగతి పిల్లాడికి అప్పటికే ఆ అక్షరమాల ఎక్కాలకంటే బాగా వచ్చు. ఎయిర్ బ్యాట్ క్యాప్ పాడుకుంటూనే స్కూలు బస్సెక్కుతాడు. ఒకరోజు వచ్చి, “అంకుల్, మీ పాస్‌వర్డులో ఆంటీ పేరుకు స్పెల్లింగ్ తప్పుంది” అన్నాడు. అప్పటినుంచి పాస్‌వర్డు వచ్చినప్పుడల్లా మైకు సారు గొంతు తగ్గించి, చుట్టూ చూసి, మణికట్టు పట్టీ పక్కకు జరిపి, పది వేళ్లతో టకటకా కొట్టేస్తాడు. ఆ వేగం చూస్తే ముచ్చటేస్తుంది.

ఈమధ్య కాస్త మారాడు. ఓపెన్‌ఏఐ వాళ్లు 2022లో వదిలిన, మాట విని రాసిపెట్టే విస్పర్‌ను దించుకున్నాడు. అది 6,80,000 గంటల ఆడియో మీద నేర్చుకున్నదని గొప్పగా చెబుతుంటే, ఇల్లాలు చపాతీలు ఒత్తుతూ “అన్ని గంటలు నేనూ విన్నాను, నాకు జీతమైనా ఇవ్వలేదు” అంది. ఇప్పుడు టెర్మినల్‌లోనే కూర్చునే ఏఐతో మామూలు వాక్యాల్లో బతిమాలుకుంటున్నాడు. నోరు మాత్రం విశ్రాంతి ఎరగదు. రాత్రి పూట గొంతు బొంగురుపోయి మిరియాల పాలు తాగుతాడు. మణికట్టు పోతుందని నోటికి మారినవాడు, నోరు పోతే దేనికి మారతాడోనని మా భయం.

అత్తగారు ఇంకా తణుకు వెళ్లలేదు. ఆవిడకు సాయంత్రం ఏడింటికి సీరియల్. సరిగ్గా అప్పుడే ఈయనకు అమెరికా పని. టాలన్‌ను ఇంకా వదల్లేదు, అందులో ‘స్లీప్’ అనే మాట వినబడితే యంత్రం వినడం మానేసేలా అమర్చుకున్నాడు. ఆ సంగతి ఆయనే ఒకనాడు గొప్పగా చూపించి, “ఇది నా గొంతుకు అలవాటుపడింది అత్తయ్యగారూ, ఇంకెవరన్నా పలకదు” అన్నాడు. ఆవిడ “అలాగా బాబూ” అన్నారు. అప్పటినుంచి ఏడు కొట్టగానే మంచినీళ్ల చెంబు పట్టుకుని ఆ గది గుమ్మం దాకా వస్తారు. ఒక్క మాట అంటారు, చివర ఉకారంతో సహా. మొదటిసారికే పలుకుతుంది.

రోజూ ఏడింటికే సిస్టమ్ ఎందుకు హ్యాంగవుతోందో తేల్చడానికి మైకు సారు ఇప్పుడో స్క్రిప్టు రాస్తున్నాడు. నోటితోనే. ఏడున్నర దాకా ఒక్క అక్షరమూ పడటం లేదు.