అర డబ్బా సినిమా

అనంతపురం జిల్లాలో సినిమా గురించి నిఖార్సయిన మాట వినాలంటే థియేటర్ల ముందు నిలబడి లాభం లేదు. అక్కడుండేది అభిమానులు. విత్తనానికి సెనక్కాయలు ఒలిచే పంచలోకి పోవాలి.

విత్తనం కాయల్ని మిషనుకు వేస్తే పప్పు మీది ఎర్రపొర చిట్లుతుంది, కొన్ని బద్దలవుతాయి. అట్లాంటివి భూమిలో పడితే కుళ్ళిపోవడమే తప్ప మొలవవు. అందుకే ఎన్ని యంత్రాలొచ్చినా విత్తనం మటుకు చేత్తోనే ఒలిపించే మొండి రైతులు ఇంకా ఉన్నారు. జూన్‌లో పదును వాన పడేనాటికి పప్పు సిద్ధంగా ఉండాలి గనక, ఎండలు మండుతుండగానే ఈ పని మొదలవుతుంది. ముందురోజు రాత్రి కాయల మీద కాసిన్ని నీళ్ళు చిలకరిస్తారు. పొద్దున్నే ఆడవాళ్ళు బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని కుప్ప చుట్టూ కూర్చుంటారు. కాయ మూతి నొక్కితే టక్‌మంటుంది, పప్పు చాటలో పడుతుంది, పొట్టు వెనక్కి పోతుంది. పని చేతులకే. కళ్ళూ చెవులూ నోరూ ఖాళీ. వెనకటికి ఆ ఖాళీలో పాటలూ, ఊళ్ళోవాళ్ళ కాపురాలూ నడిచేవి. ఇప్పుడు చెంబుకు ఆనించిన ఫోన్‌లో సినిమా నడుస్తోంది.

కూలి డబ్బా లెక్కన. దాంతో సినిమాకూ అదే కొలత వచ్చింది. 'పుష్ప 2' మూడు గంటల ఇరవై నిమిషాలని పేపర్లో మేం రాశాం. ఇక్కడ దాన్ని ముక్కాలు డబ్బా సినిమా అంటారు. మధ్యలో లేచి టీ తాగాలనిపిస్తే అర డబ్బా సినిమా. నాలాంటి వాళ్ళం ఇచ్చే నక్షత్రాల కంటే ఈ లెక్కే నమ్మకం. నచ్చని సినిమాకు చెయ్యి జోరుగా ఆడుతుంది, నచ్చిన చోట ఆగుతుంది. మా అత్తకు మంచి సినిమాలంటే మహా కోపం.

మా మామది కళ్యాణదుర్గం దారిలో ఒక ఊరు. సినిమాల మీద రాసి పొట్టపోసుకునేవాణ్ణి, వేసవిలో ఓసారి అక్కడికి పోయి నాలుగు రోజులుండి రావడం అలవాటు. నా చిన్నప్పుడు ఈ కాలంలో ఏ ఇంటి పంచలో చూసినా కుప్ప ఉండేది. ఒలిచేవాళ్ళు చాలక పక్క ఊళ్ళకు బండి కట్టి పోయి పిలుచుకొచ్చేవాళ్ళు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే చోట, అది కూడా పడాల్సినప్పుడు పడని చోట, ఎన్నాళ్ళని విత్తుతారు? కొందరు చీనీ చెట్లు పెట్టి బోరు మీద బోరు వేసి అప్పులపాలయ్యారు. కొందరు కంది చల్లి వదిలేశారు. చాలామంది బెంగుళూరులో అపార్టుమెంట్ల గేట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మామ మటుకు ఏటా విత్తుతాడు. కదిరి పరిశోధనా కేంద్రం వాళ్ళ కె6 ఇన్నేళ్ళు నడిచింది, ఇప్పుడు దానికి రెండో భాగంలాగా కదిరి లేపాక్షి వచ్చింది. "ఏ భాగమైనా క్లైమాక్సులో వాన రావాల గదా అల్లుడా" అంటాడు.

ఆ పంచలో కూర్చునేవాళ్ళలో ముఖ్యులు ఇద్దరవ్వలు. ఒకామె ఎప్పుడూ గోడవారన, ఇంకొకామె ఎప్పుడూ గుంజ పక్కన. మధ్యలో కుప్ప. ఫోన్ పట్టుకునేది డిగ్రీ చదివే పిల్ల ఒకతి. ఇద్దరవ్వలూ సినిమాల్లో ఘనులు, ఏ సినిమా మీదా ఒక మాట మీద నిలవరు. గోడవార అవ్వకు ఎప్పుడూ మొదటి భాగం బాగుంటుంది, గుంజవార అవ్వకు రెండోది. అయితే ఒకరితో ఒకరు మాట్లాడరు. మధ్యలో పిల్ల ఉండాలి. "పాపా, ఆయమ్మకు చెప్పు" అని ఈమె మొదలుపెడుతుంది. మూరెడు దూరంలో ఉన్న ఆమె అంతా విని, పిల్ల మళ్ళీ చెప్పేదాకా ఆగి, "పాపా, నువ్వు ఆయమ్మతో ఏమను" అని జవాబిస్తుంది. మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. కుళాయి దగ్గర బిందెల తగాదా అయ్యుంటుందనుకున్నాను.

ఆరోజు పిల్ల 'కొండపొలం' పెట్టింది. కరువులో మేతా నీళ్ళూ లేక గొర్రెల మందల్ని నల్లమలకు తోలుకుపోయే కాపరుల కథ. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల, తానా బహుమతి పొందింది. క్రిష్ అదే పేరుతో తీస్తే 2021 అక్టోబరు 8న విడుదలైంది, పెద్దగా ఆడలేదు. సీమ అనగానే గాల్లోకి లేచే సుమోలూ తొడ చరుపులూ తప్ప కరువును చూపించరేమని ఇక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు. తీరా ఒకాయన చూపిస్తే టికెట్లు తెగలేదు. దీని మీద నాకు చాలా కోపముంది, ఇక్కడ వద్దులే.

గుంజవార అవ్వ పుట్టింట గొర్రెలున్న మనిషి. పాట రాగానే చెయ్యి జోరందుకుంది. "పాపా, గొర్లెంట పోయినోడికి కన్ను మూసే దానికే పొద్దు చాలదు, ఇంగ పాటలు పాడుకునే తీరిక యాడిది?"

అవకాశం దొరికిందని నేను కల్పించుకున్నాను. రకుల్ ప్రీత్ సింగ్ వేసిన ఓబులమ్మ నవలలో లేదనీ, సినిమా కోసం కలిపారనీ చెప్పాను.

"అట్ల చెప్పు నాయనా! బుక్కు రాసినాయప్ప గొర్ల ఎనకాల పోయినాడు. సినిమా తీసినాయప్ప గొర్ల ముందర పోయినాడు."

నవలకూ సినిమాకూ ఉండే తేడా మీద నేను అప్పటిదాకా రాసిన వ్యాసాలన్నీ కట్టగట్టి మామ అటకెక్కించొచ్చు. అయితే గోడవార అవ్వ ఊరుకోలేదు. "పాపా, ఆయమ్మకు చెప్పు. ఆ పిల్ల లేకుంటే అంతసేపు గొర్ల మొగాలు ఎవురు చూస్తారు? అది మనకు ఊర్లో దొరకల్యా?"

పరాయి కథను మనది చేసుకోవడం ఈ జిల్లాకు కొత్తేం కాదని నేను కె.వి.రెడ్డిని దింపాను. తాడిపత్రి ప్రాంతం నుంచి పోయిన మనిషి. 'మాయాబజార్' తీయక ముందు, 1949లో, షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' నుంచి ముగ్గురు కూతుళ్ళ రాజును తీసుకొచ్చి 'గుణసుందరి కథ' చేశాడు. ఇద్దరవ్వలూ దాన్ని చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని చూసినవాళ్ళే. మూలంలో ఆఖరికి చిన్నకూతురూ చచ్చిపోతుంది, రాజూ చచ్చిపోతాడన్నాను. గోడవార అవ్వ ముఖం చిట్లించింది. "అట్ల రాసినాయప్పకు కూతుర్లు లేరేమో" అంది. షేక్‌స్పియర్‌కు ఇద్దరు కూతుళ్ళు. ఆ సంగతి నేను చెప్పలేదు.

మధ్యాహ్నం ఉగ్గాని తిన్నాక 'బాహుబలి' రెండో భాగం. అందరూ ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. "2015 జులైలో మొదటిది వచ్చి 2017 ఏప్రిల్‌లో రెండోది వచ్చేదాకా దేశం మొత్తానికీ ఒకటే ప్రశ్న గదన్నా, కట్టప్ప ఎందుకు చంపినాడని! సీక్వెల్ అంటే అట్లా ఉండాల" అంది పిల్ల.

"ఎందుకు చంపినాడో తెలిస్తే ఏమొస్తాదమ్మా?" అంది గోడవార అవ్వ, చేతిలో కాయనే చూస్తూ. "తెలిసినా చచ్చినోడు చచ్చినట్టే గదా."

గుంజ దగ్గర టక్‌టక్‌మనే చప్పుడు ఆగింది. ఆమె బొటనవేలి గుడ్డను ఊడదీసి మళ్ళీ చుట్టుకుంది. "పాపా, ఆయమ్మకు చెప్పు. కట్టప్ప కూలోడు. చంపమన్నోళ్ళు సింహాసనం మీద ఉండారు."

ఆ మాటను నేను జేబులో పుస్తకం తీసి రాసుకున్నాను, ఏదో ఒక వ్యాసంలో వాడుకోవచ్చని. గోడవార అవ్వ నుంచి జవాబు రాలేదు. పిల్ల రెండుసార్లు చెప్పింది కూడా.

సినిమా అయిపోయింది. ఫోన్ తనంతట తానే ఇంకొకటి ఎత్తుకుంది. రాళ్ళు తేలిన నేల, జీపులు, గండ్రగొడ్డళ్ళు. 'రక్త చరిత్ర'. పిల్ల సంబరపడింది. "మన అనంతపురం సినిమా!"

"తీసెయ్ దాన్ని" అన్నారు.

అన్నారు అని ఎందుకంటున్నానంటే, ఇద్దరూ ఒకేసారి అన్నారు. "అబ్బా, ఇద్దరూ ఒకటైపోయిరే!" అని పిల్ల చప్పట్లు కొట్టింది. వాళ్ళు నవ్వలేదు.

నేను విమర్శకుణ్ణి గదా, ఊరుకోలేకపోయాను. 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురైన మాజీ మంత్రి పరిటాల రవి కథను పేర్లు మార్చి రాంగోపాల్ వర్మ తీశాడని మొదలుపెట్టాను. 2010 అక్టోబరులో మొదటి భాగం, డిసెంబరులో రెండోది, మధ్యలో రెండు నెలలు కూడా లేవు. దేశంలో ఏ సీక్వెలూ ఇంత తొందరగా రాలేదేమోనని ఒక ఛలోక్తి విసిరాను. అసలు రెండు భాగాలు కూడా కాదవ్వా, మొదటి దాంట్లో ఒకడి నాయన చస్తాడు, వాడు కత్తి పడతాడు. రెండో దాంట్లో ఇంకొకడి ఇల్లు పోతుంది, వాడు కత్తి పడతాడు. కథ ఒకటే, కత్తి చెయ్యి మారుతుందంతే అని ముగించాను. ఈ మాట పేపర్లో అచ్చయినప్పుడు బాగా పేరొచ్చింది నాకు.

గోడవార అవ్వ కాసేపాగి అడిగింది. "మూడోది తీయల్యా?"

"లేదవ్వా."

"ఏం?"

నేను నోరు తెరిచేలోపు గుంజ పక్క నుంచి జవాబొచ్చింది, మధ్యలో పిల్ల లేకుండా. "తీసేదానికి మొగోళ్ళు మిగలల్యేమో."

ఆ తర్వాత ఫోన్‌లో ఏ సినిమా పెట్టిందో పిల్ల, నాకు గుర్తులేదు. ఆ పూట మా అత్తకు మంచి పని జరిగింది. పొద్దు వాలేసరికి కుప్ప సగానికి సగం తగ్గింది.

సాయంత్రం డబ్బాతో కొలిచి, పుల్లలు పెట్టి లెక్క చూసి, కూలి ఇచ్చాక గోడవార అవ్వ ముందు లేచింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా గుంజవార అవ్వ కొంగుకు అంటిన పొట్టును ఒక్కొక్కటిగా దులుపుకుంటూ కూర్చుంది, అప్పుడు లేచింది. అత్త పప్పును జల్లించి గోనెసంచిలోకి ఎత్తుతోంది. నేను సంచి మూతి పట్టుకున్నాను.

"అత్తా, ఈ అవ్వలిద్దరికీ ఏం తగాదా? కుళాయి కాడనా?"

"నీకు తెల్దా? నువ్వప్పటికే హైదరాబాదు పోయింటివేమో." అత్త గొంతు తగ్గించలేదు, అందరికీ తెలిసిన సంగతి చెప్పే గొంతే. "గుంజకాడ కూచునే ఆయమ్మ మొగుడూ, ఇంగో ముగ్గురూ కలిసి గోడకాడాయమ్మ మొగుణ్ణి చెరువుకట్ట మీద నరికిరి. పెద్దకొడుకు అడ్డం పోతే వాణ్ణీ నరికిరి. ఆయప్ప జైలుకు పోయి వచ్చె. వచ్చిన ఏడాదికే ఈయమ్మ చిన్నకొడుకు ఆయప్పను బస్సులోంచి దింపి నరికె. ఆ పిల్లోడు జైల్లోనే పాయ, కామెర్లొచ్చి. ఉన్న భూములు రెండిండ్లోళ్ళవీ లాయర్లకు కొంత, బోర్లకు కొంత పాయ."

"ఇంతకూ ఎందుకోసం?"

"ఎందుకోసమేంది, ఎవరికోసమని అడుగు. ఆ పెద్దమనుషులిద్దరూ ఇప్పుడు ఒకే పార్టీ. పోయిన సంవత్సరం కలిసి ఒకే జీపులో వచ్చిరి, ఓట్లడిగేదానికి. ఇద్దరవ్వల కాళ్ళకూ మొక్కిరి."

సంచిలో పప్పు పడుతోంది. ఏరిన పప్పు గనక మట్టిపెళ్ళ ఒక్కటి లేదు. నేను ఇందాక విసిరిన ఛలోక్తి గుర్తొచ్చి, ఏదో ఒకటి మాట్లాడాలి గనక అడిగాను.

"మడి ఒకే కుప్ప కాడ ఎట్ల కూచుంటారత్తా ఇద్దరూ?"

అత్త సంచి మూతికి పురి బిగించి నా వైపు చూసింది.

"ఇంగో కుప్ప యాడుంది నాయనా, ఊర్లో?"