మా కాలనీ నిండింది, ఇక మీరు రాకండి

“ఎత్తైన టవర్లు వద్దు, మా ప్రశాంతతే ముద్దు” అని కాలనీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ప్రాస కుదిరింది కనుక న్యాయమూ కుదిరినట్టే.

ఫ్లెక్సీ కట్టించిన అసోసియేషన్ పెద్దాయన తన డాబా ఇంటిని ఆమధ్యే బిల్డరుకు డెవలప్‌మెంటుకిచ్చారు. ఫిఫ్టీ-ఫిఫ్టీ. మామిడిచెట్టు కొట్టేసి స్టిల్ట్ ప్లస్ ఫైవ్ లేపారు. దానిపైన ప్లానులో లేని పెంట్‌హౌస్ ఒకటి. సెట్‌బ్యాకులో జనరేటరు, ఫుట్‌పాత్ మీద కారు ఎక్కే ర్యాంపు. ఆ పెంట్‌హౌస్ బాల్కనీలో కాఫీ తాగుతుంటే ఎదుటి స్థలంలో సెల్లారు గొయ్యి కంటబడి, ఆయనకు పర్యావరణం గుర్తొచ్చింది.

బాధ అబద్ధమేం కాదు. 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చన్న లెక్క) పరిమితికి సెలవిచ్చారు. 2012 నాటి జీవో 168 కూడా అదే దారి. ఎన్ని అంతస్తులన్నది రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకులు చూసి తేలుస్తారు. కింద మురుగు పైపు ఎంత లావుందో, ఎండాకాలం ఎన్ని ట్యాంకర్లు రావాలో ఆ లెక్కలోకి రావు. అడగాల్సింది అదే. కానీ పైపు గురించి అడిగితే మన బిల్డింగు లోతూ బయటపడుతుంది. అందుకని ఎత్తు గురించే అడుగుతాం. మన అతిక్రమణలంటారా, వాటిని క్రమబద్ధీకరించడానికి 2007లో బీపీఎస్ వచ్చింది, 2015లో బీఆర్‌ఎస్ వచ్చింది (పార్టీ కాదు, స్కీము). ఇంకోటి రాకపోతుందా?

మీటింగులో అసలు మాట సమోసాల తర్వాత బయటికొచ్చింది: “ఎవరెవరో వచ్చి చేరతారండీ!” ఎవరెవరో అంటే బ్యాచిలర్లు, మాంసం వండేవాళ్లు, మన పేర్లలాంటి పేర్లు లేనివాళ్లు. టు-లెట్ బోర్డు మీద రాసుకునే షరతులనే వినతిపత్రంలో ‘కాలనీ సంస్కృతి’ అని రాశారు. వాచ్‌మన్, అతని భార్య, ఇద్దరు పిల్లలు మెట్ల కింద ఒకే గదిలో ఉంటున్నారు. ఆ జనసాంద్రత మీద ఏ అభ్యంతరమూ నమోదు కాలేదు.

సంతకానికి నా దగ్గరికీ వచ్చారు పెద్దాయన. మాటల్లో, అబ్బాయికి కోకాపేటలో ముప్ఫై రెండో అంతస్తు బుక్ చేశామని చెప్పారు. 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన కోకాపేటే.

“అక్కడి పాతకాపులు టవర్లు వద్దనలేదా సార్?”

“వాళ్లకేమండీ, పోయింది పొలాలేగా!”