సున్నాల ద్విపద: టీకా తాత్పర్యాలు

మూలం:

ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 203.0.113.1
ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0 198.51.100.1 10

అవతారిక: రెండు ఇంటర్నెట్ కనెక్షన్లున్న ఒక ఆఫీసులోని సిస్కో రౌటరుకు విధించిన పాదాలివి. మొదటిది వేగంగల ఫైబర్ లైనుకు, రెండోది అది పడిపోయినప్పుడు ఆదుకోవలసిన చవక లైనుకు. పాదాలు రెండు కనుక ద్విపద. రెండో అక్షరం రెంటా 'పీ' కనుక ప్రాస కుదిరింది. గణాలు మాత్రం వెదకరాదు.

ప్రతిపదార్థం: ఐపీ రూట్ = దారి ఇది అని విధించుట; 0.0.0.0 = ప్యాకెట్ చేరవలసిన గమ్యం; 0.0.0.0 = ఆ గమ్యంలో ఎన్ని బిట్లు సరిచూడాలో చెప్పే మాస్కు; 203.0.113.1 = ప్యాకెట్‌ను అందుకోవలసిన పక్క గేట్‌వే; 10 = దూరం. గేట్‌వే అడ్రసులు రెండూ పుస్తకాల్లో ఉదాహరణల కోసమే కేటాయించినవని ఆర్‌ఎఫ్‌సీ 5737 (2010) ప్రమాణం. కాబట్టి నకలు చేసుకునేవారు వాటి స్థానంలో తమ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చినవి రాసుకోవాలి.

శంక: సున్నాలు రెండుసార్లు రావడం పునరుక్తి దోషం కాదా? పైగా గమ్యం అంతా సున్నాలైతే ఎక్కడికీ పోవద్దనే కదా అర్థం?

సమాధానం: దోషం కాదు, యమకం. ఒకే అక్షరాలు, వేరు అర్థాలు. మాస్కులోని సున్నాలు 32 బిట్లలో ఒక్కటీ సరిచూడనక్కర్లేదంటున్నాయి. దేన్నీ సరిచూడని చోట ఏ అడ్రసైనా సరిపోతుంది. అందుచేత 'ఎక్కడికీ కాదు' అన్నట్టు కనిపించే మాట 'ఎక్కడికైనా' అని ఫలిస్తుంది.

విశేషం: ఇలా అన్నిటికీ వర్తించే ఈ వాక్యం అన్నిటి ముందూ ఓడిపోతుంది. ఒక గమ్యానికి పలు దారులు సరిపోతే, ఎక్కువ బిట్లు కలిసిన దారినే రౌటరు ఎంచుకుంటుంది. ఆఫీసు లోపలి 192.168.1.0 నెట్‌వర్కుకు 24 బిట్లు కలుస్తాయి కనుక అక్కడి ప్రింటరుకు పోయే కాగితం ఫైబరెక్కి ఊరేగదు. ఉత్సర్గం కంటే అపవాదం బలమైనదన్న వైయాకరణుల పద్ధతే ఇది. ఎవరూ ఏమీ చెప్పని చోటే ఈ పాదాలకు అధికారం.

ఇక 10 సంగతి. ఇది కిలోమీటర్ల దూరం కాదు, నమ్మకంలో తరుగు. రౌటరు తనకు నేరుగా తగిలిన నెట్‌వర్కుకు 0, చేత్తో రాసిన దారికి 1, దారులు నేర్పే ప్రొటోకాళ్లలో ఓఎస్‌పీఎఫ్ చెప్పినదానికి 110, రిప్ చెప్పినదానికి 120 వేస్తుంది. 255 పడిన మాటను చెవినే పెట్టదు. మొదటి పాదంలో 1 అధ్యాహార్యం. ఆ పాదం నిలిచి ఉన్నంతసేపూ రెండో పాదం కాన్ఫిగరేషన్‌లో ఉంటుందే గాని రూటింగ్ పట్టికలో కనబడదు.

శంక: వీధి చివర కేబులు తెగినా రెండో పాదం మేల్కొనడం లేదేమి?

సమాధానం: రౌటరుకూ గోడమీది ఫైబర్ పెట్టెకూ మధ్య తీగ బాగానే ఉంది, లైటూ వెలుగుతోంది. రౌటరుకు తెలిసినది అంతవరకే. తెగిన చోటు దాని చూపుకు ఆనదు. అందుకే పెద్దలు మొదటి పాదం చివర 'ట్రాక్ 1' అనే పాఠాంతరం చెప్పారు. ఆ ట్రాక్‌కు పింగు పరీక్షను విడిగా కట్టిపెడితే రౌటరు దూరపు అడ్రసొకదానికి మాటిమాటికీ పింగు పంపి, జవాబు రాకపోతే ఆ పాదాన్ని పట్టిక నుంచి తీసేస్తుంది. ఆ పింగు ఫైబర్‌లోనే పోయేలా దానికో విడి దారి రాయాలి. లేకుంటే అది చవక లైనులో పోయి వచ్చి, ఫైబర్ క్షేమమని అబద్ధసాక్ష్యం చెబుతుంది, రౌటరు నమ్మి వెనక్కి మళ్లుతుంది, మళ్లీ పడుతుంది. ఈ ఊగులాటను లైను దోషమనుకుని కంపెనీవారిని నిందించడం లోకాచారం.

రెండో పాదం మేల్కొన్నా ఇంకొకటి కావాలి. లోపలి 192.168 అడ్రసులకు బయట చెల్లుబాటు లేదు. వాటిని మార్చే నాట్ నియమం రెండు లైన్లకూ విడివిడిగా ఉండాలి.

ఫలశ్రుతి: ఈ ద్విపదను పాఠాంతరంతో, నాట్‌తో సహా రాసి, చివర 'రైట్ మెమరీ' అన్నవారికి రెండు లైన్లలో ఏది బతికున్నా ఇంటర్నెట్ కలుగును. ఆ రెండు మాటలూ మరిచినవారికి కరెంటు పోయేదాకా కలుగును.