వానొస్తే తేమ, రాకుంటే లేమి

మా అనంతపురం మెట్టలో టపాకాయల మీద నిషేధం విధించే అధికారం మొదట్నుంచీ మేఘానిదే. కోర్టులూ కాలుష్య నియంత్రణ మండళ్లూ తర్వాతెప్పుడో వచ్చాయి. ఏడాది పొడుగునా కలిపి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే నేల ఇది. దేశంలో జైసల్మేర్ తర్వాత మేమేనని ఇక్కడ ఎవర్ని కదిపినా కాస్త గర్వంగానే చెబుతారు. రెండో స్థానమైనా స్థానమే కదా.

లెక్క చాలా సులువు. జూన్, జూలైలో విత్తిన శెనక్కాయ దీపావళి నాటికి పీకుడుకొస్తుంది. వాన బాగా పడిన ఏడు చేతిలో డబ్బులాడతాయి కాబట్టి టపాకాయలు కొంటాం. కొని ఇంటికి తెచ్చేసరికి ఈశాన్య రుతుపవనం ఊరంతా తేమ పట్టించి పెడుతుంది. వాన ఎగ్గొట్టిన ఏడు ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటుంది. తారాజువ్వకు అంతకంటే మంచి ముహూర్తం దొరకదు. కాకపోతే కొనే నాథుడు ఉండడు. ఈ రెండు రకాల ఏళ్ల మధ్య ఇరుక్కుని మా తరం ఊపిరితిత్తులు ఎంత భద్రంగా పెరిగాయో ఢిల్లీవాళ్లకు చెప్పినా అర్థం కాదు.

కళ్యాణదుర్గం పక్కన మా పల్లెలో దీపావళి పెద్ద పండగ కూడా కాదు. ఉగాదికీ పీర్ల పండక్కీ ఉన్న సందడి దీనికి లేదు. పట్నం నుంచి ఒక సంచి టపాకాయలొస్తే దాన్ని మా అవ్వ మట్టిమిద్దె మీదికి తీసుకుపోయి గోనెపట్టా మీద పరిచేది. పక్కనే విత్తనానికి ఏరిపెట్టిన శెనక్కాయలు. రెండింటికీ ఒకటే ఎండ, ఒకటే కాపలా. కాకరపువ్వొత్తుల్ని వడియాల మాదిరి ఒక్కొక్కటే తిరగేసేది. ఉడతలు శెనక్కాయలెత్తుకుపోతాయని నన్ను కూర్చోబెట్టేది గానీ, మందుగుండు పక్కన పిల్లాడు కూర్చున్నాడే అన్న దిగులు ఆమెకున్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు. అంత ఎండబెట్టినా చిచ్చుబుడ్డి సుయ్‌మని మూలిగి, రెండు నిప్పురవ్వలు రాల్చి చల్లారిపోయేది. "పాపం, గొంతు పట్టుకున్యాది దానికి" అనేది అవ్వ.

ఆ పల్లెలో తారాజువ్వకు మాత్రం ప్రవేశం లేదు. కాయలు కొట్టేశాక మిగిలిన శెనక్కట్టెను ఊరిచుట్టూ వాములు వేస్తారు. ఏడాది పొడుగునా పశువులకు అదే మేత. జువ్వ పైకి పోవడం దాని పని, కిందికి ఎక్కడ దిగుతుందన్నది దేవుడి పని. అందుకని మా ఊరి పెద్దలు విచారణా వాయిదా ఏమీ లేకుండా తీర్పు చెప్పేశారు: "జువ్వ ఇడిసినోని నాయన నా వామికి దుడ్లు కట్టల్ల." పర్యావరణ చట్టాల్లో ఇంత పొట్టిదీ ఇంత బాగా అమలైందీ నేనింకొకటి చూడలేదు.

అసలు కరువనేది టపాకాయలకు శత్రువేం కాదు. ఆ మాటకొస్తే కన్నతల్లి. తమిళనాడులోని శివకాశి కూడా వానల్లేక అల్లాడిన నేలే. 1920ల మొదట్లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు దాయాదులు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చారు. పొలంలో పని లేక ఖాళీగా ఉన్న చేతులు బోలెడు, మందు ఆరడానికి ఎండ బోలెడు. అగ్గిపుల్ల నుంచి మతాబుకూ, మతాబు నుంచి బాంబుకూ ఎదిగి ఇవాళ దేశంలో కాలే టపాకాయల్లో సింహభాగం వాళ్లే చేస్తున్నారు. ఆ అర్హతలన్నీ మాకు వాళ్లకంటే రెండాకులు ఎక్కువే. మావాళ్లు మాత్రం కలకత్తా దాకా పోలేదు. రైలెక్కినవాళ్లు గుంతకల్లులో టీ తాగడానికి దిగి, మళ్లీ ఎక్కినట్టు లేరు. వాళ్ల కరువుకు టపాకాయ పుట్టింది, మా కరువుకు శెనక్కాయ పుట్టింది. రోషమనిపిస్తుంది గానీ, 2012 సెప్టెంబరులో శివకాశి దగ్గర ముదలిపట్టిలో ఒక్క పేలుడుకే 30 మందికి పైగా పోయారన్న సంగతి గుర్తొస్తే, గుంతకల్లులో దిగిపోవడమే మేలైందనిపిస్తుంది. శెనక్కాయ రైతును అప్పులపాలు చేస్తుందేమో గానీ పేలదు.

ఇలా మేఘమూ జేబూ కలిసి మమ్మల్ని కాపాడుతుండగా, కాలుష్యం అనంతపురంలో ఇప్పుడు మేముంటున్న ఇంటికి గురుగ్రామ్ నుంచి వచ్చింది. మా అమ్మాయి ఉద్యోగం అక్కడే. పండక్కి కొడుకును వెంటబెట్టుకుని, మాస్కులూ, గాలి కొలిచే చిన్న డబ్బా ఒకటీ తెచ్చుకుంది. గాలి బాగుంటే పచ్చదీపం, చెడితే ఎర్రదీపం. డబ్బాను వరండాలో బల్ల మీద పెట్టి, "ఇప్పుడు మీకే తెలుస్తుంది నాన్నా, టపాకాయలు ఏం చేస్తాయో" అంది.

టపాకాయ ఒక్కటీ కాలకముందే, మధ్యాహ్నం, వంటింట్లో మా ఆవిడ ఉలవచారుకు ఎండుమిరపకాయల తిరగమాత వేసింది. డబ్బా ఎర్రబడింది. అది సర్దుకునేలోగా ఎదురింటావిడ వాకిలి ఊడ్చింది. మళ్లీ ఎరుపు. ఇసుక ట్రాక్టరొకటి వీధిలోంచి పోయింది. ఇంక చెప్పక్కర్లేదు. సాయంత్రానికి ఆ యంత్రం మా ఊళ్లో ఎర్రగా ఉండటమే సహజస్థితి అని రాజీపడినట్టుంది. మా ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి, "దిష్టి తగిలింటాది" అంది.

నవ్వులాటకన్నాను గానీ, ఇందులో నిజముంది. 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో గాలి బాగాలేని ఊళ్ల జాబితాకు ఎక్కిన ఆంధ్రా పట్టణాలు 13. వాటిలో అనంతపురం ఒకటి. ఫ్యాక్టరీ పొగగొట్టాల ఊరా అంటే కాదు. మా ఘనతంతా దుమ్ముదే. వాన లేని నేల, చెట్టు లేని గుట్ట, గాలి లేస్తే మట్టి కూడా లేస్తుంది. గుల్జార్‌పేటలో గాలిని కొలిచే కేంద్రం కూడా పెట్టారు. ఏడాదంతా మట్టి పీల్చేవాడికి ఒక్క రాత్రి పొగ గురించి పాఠం చెబితే వాడు ఆవలించడంలో తప్పేముంది? అమ్మాయి పాఠాన్ని నేనూ ఆవలిస్తూనే విన్నాను, పాము బిళ్లల సంగతి వచ్చేదాకా.

పాము బిళ్ల తెలియనిదెవరికి? నల్లటి చిన్న మాత్ర. అగ్గిపుల్ల చూపితే మెలికలు తిరుగుతూ బూడిద పాము లేస్తుంది. చప్పుడు లేదు, మంట లేదు. బాంబులకు భయపడే పసివాళ్ల చేతికి ప్రతి ఇంట్లోనూ ముందు ఇచ్చేది దాన్నే. 2016లో పుణెలోని చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్‌వాళ్లు టపాకాయలను ఒక్కొక్కటే కాల్చి పక్కనే గాలిని కొలిచారు. సన్నని ధూళికణాలు ఘనపు మీటరుకు చిచ్చుబుడ్డి దగ్గర 4,860 మైక్రోగ్రాములు. చెవులు చిల్లులు పడే వెయ్యి టపాకాయల సరం దగ్గర 38,540. పాము బిళ్ల దగ్గర 64,500. మన దేశంలో రోజుకు ఫర్వాలేదన్న హద్దు 60. అమ్మాయి ఈ అంకెలు చదువుతుంటే మనవడు పాము బిళ్లల పెట్టెను మెల్లగా నావైపు జరిపాడు. మా ఆవిడ నన్నే చూస్తూ, "చప్పుడు చేయనోళ్లను నమ్మగూడదని మాయమ్మ ఎప్పుడో చెప్పింది" అంది.

ఇక కొనడం. టపాకాయల అంగళ్లు ఊరి బయట మైదానంలో. రేకుల షెడ్లు, పక్కన ఒక ఫైరింజను, దాని నీడలో నిద్రపోతున్న ఒక కుక్క. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం షెడ్డుకూ షెడ్డుకూ 3 మీటర్ల ఎడం ఉండాలి, ఒకచోట 50 అంగళ్లు మించకూడదు, ఎదురెదురుగా అసలు పెట్టకూడదు. ఇంత జ్ఞానం ఉన్న ప్రభుత్వం అపార్ట్‌మెంట్ల తలుపుల విషయంలో ఎందుకు ఊరుకుందో తెలియదు.

అమ్మాయి షరతు ఒక్కటే, గ్రీన్ టపాకాయలు తప్ప కొనొద్దు. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే. తక్కువ పొగవి మాత్రమే కాల్చాలి, బేరియం లవణాలు వాడొద్దు, సరాలు వద్దు, దీపావళినాడు రాత్రి 8 నుంచి 10 దాకానే. వారం తర్వాత తమిళనాడు మాకు తెల్లవారుజామున అలవాటండీ అని మొత్తుకుంటే, వేళ మీ ఇష్టం గానీ రెండు గంటలు దాటొద్దంది కోర్టు. దేశంలో ఎవరెలా గింజుకున్నారో గానీ మాకిది పెద్ద కష్టమనిపించలేదు. కొళాయి ఎప్పుడొస్తే అప్పుడే బిందెలు పట్టుకుని పరిగెత్తే జనానికి రెండు గంటలంటే ధారాళమే.

"అన్నా, గ్రీనువి ఉండాయా?" అన్నాను అంగట్లో.

అతను పచ్చటి అట్టపెట్టె ఒకటి ముందుకు తోశాడు. "ఇదేమి సార్, ఎరుపా?"

"పెట్టె కాదన్నా. లోపలుండేది."

"లోపల కూడా పచ్చగానే వస్తాది సార్. కాల్చి సూడండి, గ్యారంటీ."

అక్కడే ఉంది చిక్కంతా. బాణసంచాలో పచ్చటి వెలుగు పుట్టించేది బేరియమే. అంటే పచ్చగా వెలిగితే అది గ్రీన్ టపాకాయ కాదేమోనని అనుమానించాలి. ఈ రసాయన శాస్త్రం అతనికి చెప్పబోయాను. వెనక క్యూలో ఉన్నాయన "బేరం తర్వాత ఆడుదువుగానీ జరుగప్పా" అన్నాడు. చివరికి నాగపూర్‌లోని నీరి సంస్థ గుర్తూ క్యూఆర్ కోడూ ఉన్న పెట్టెలు రెండు వెతికి తెచ్చుకున్నాం. కాలేటప్పుడు నీటి ఆవిరి వదిలి దుమ్మును అణిచే రకం కూడా ఆ సంస్థవాళ్లు తయారుచేశారట. మామూలు వాటికంటే ధూళి ఓ 30 శాతం తక్కువట. మిగతా 70 శాతం గురించి పెట్టె మీద ఏమీ రాయలేదు.

రాత్రి 8 అయింది. పక్కింటి మాస్టారు సరం భుజానేసుకుని బయటికొచ్చారు. ఆయన టపాకాయల పక్షం. వాదనలో ఆయన్ను గెలవడం కష్టం. "పొగ పోతేనే కదయ్యా మేఘం కట్టేది! 1891లో అమెరికాలో డైరెన్‌ఫోర్త్ అనే ఆయన సర్కారు డబ్బుతో టెక్సస్ కరువు నేల మీద డైనమైట్లు పేల్చినాడు, వాన కోసమే" అంటారు. నిజమే, పేల్చాడు. చప్పుడైతే బ్రహ్మాండంగా వచ్చింది. వాన మాత్రం ఆయన మాట విన్న దాఖలా లేదు. "మరి మన మేఘమథనమో?" అంటారు మాస్టారు. అదీ నిజమే. ఈ శతాబ్దం మొదటి పదేళ్లలో మా జిల్లా ఆకాశంలో విమానాలు తిరిగి సిల్వర్ అయొడైడ్, కాల్షియం క్లోరైడ్ మండించి మేఘాల్లో చల్లాయి. సర్కారువారే మతాబులు కాల్చారన్నమాట, అంత ఎత్తున. మేం మిద్దెలెక్కి చూసేవాళ్లం. కొన్ని చోట్ల పడిందన్నారు. మా వీధిలో విమానం పడకపోతే చాలనుకున్నాం.

తొమ్మిదిన్నరకల్లా వీధిలో ఎదుటి మనిషి కనబడలేదు. గాలి స్తంభించింది. వాదన గెలిచిన మాస్టారే ముందు దగ్గడం మొదలుపెట్టి, జేబులోంచి ఇన్‌హేలర్ తీశారు. రెండు పీల్పులు పీల్చి, "చలికాలం కదా" అన్నారు. నాక్కూడా గొంతు మండుతోంది. అయినా ఆ మందు వాసన వస్తే ఇంట్లోకి పోవాలనిపించదు, ఏం చేయను? తలుపులు మూసుకోమని అమ్మాయి లోపల్నుంచి అరుస్తుంటే, ఒక చేత్తో మాస్కు సవరించుకుంటూ ఇంకో చేత్తో మనవడికి కాకరపువ్వొత్తి వెలిగించి ఇచ్చాను. ఏ పక్షంవాడివని అడిగితే చెప్పలేను. దుమ్ము తగ్గించకుండా టపాకాయ ఒక్కదాన్నే బోనెక్కించేవాళ్లంటే నాకు చిరాకు. మాస్టారి దగ్గు విన్నాక మాత్రం సరం మీద మోజు సగం చచ్చింది. పాము బిళ్లలు అటకెక్కాయి, ఎవరికీ ఇవ్వడానికి మనసొప్పక.

పండగ కబుర్లకని మర్నాడు పల్లెకు ఫోన్ చేస్తే చిన్నాయన ఎత్తాడు.

"ఏం పండగలేప్పా! మూడో బోరు కూడా ఎండి కూర్చున్యాది. తొమ్మిదొందల అడుగులు పోయినాం, దుమ్మే."

ఆయన్ను నవ్విద్దామని చెప్పాను. "ఇక్కడ కొత్త టపాకాయలొచ్చినాయి చిన్నాయనా. కాలిస్తే నీళ్లొస్తాయంట."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ఎవరినో పిలిచి టీవీ గొంతు తగ్గించమన్నాడు.

"నిజమేనా? యెన్నించులు పడతాయంట?"