వెయ్యి రూపాయల పట్టా

జర్మనీలోని హాంబర్గ్‌లో ఫ్రెడెరిక్, గెరిట్ బ్రౌన్ అనే కవల సోదరులు 2001లో ఒక బొమ్మ రైల్వే తెరిచారు. పేరు మినియేచర్ వండర్‌లాండ్. అసలు రైలును ఎనభై ఏడో వంతుకు కుదించి చేసిన ఇంజన్లు, పెట్టెలు, స్టేషన్లు, సిగ్నళ్లు, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ గోరంత మనుషులు. అన్నీ లెక్కేస్తే అక్కడ పరిచిన బొమ్మ పట్టాలు పదిహేను కిలోమీటర్లు దాటాయి. ఇక్కడ మన నాగర్‌కర్నూల్ జిల్లా సంగతి చూడండి. నల్లమల అడవి ఉంది, కొల్లాపూర్ మామిడి ఉంది, కలెక్టరేట్ ఉంది. రైలు పట్టా మాత్రం ఒక్క మీటరు లేదు. పట్టాల లెక్కలో ఒక జిల్లా జిల్లా ఒక బొమ్మల కొలువు చేతిలో చిత్తుగా ఓడిపోయిందన్నమాట.

ఓడిపోయామని కుమిలిపోనక్కర్లేదు. బొమ్మ రైళ్లు మనకూ ఉన్నాయి. వాళ్లవి ఇత్తడితోనో ప్లాస్టిక్‌తోనో చేసినవి, మనవి కాగితంతో చేసినవి.

ట్రామ్ బండ్లకు, లైట్ రైలు పెట్టెలకు నమూనాలు కట్టి అలమారల్లో దాచుకునే సరదా యూరప్‌లో, అమెరికాలో, జపాన్‌లో చాలామందికి ఉంది. అమెరికా వీధుల్లో 1936లో దిగిన పీసీసీ ట్రామ్ ఉంది చూశారూ, దాని బొమ్మ కొనేవాడు దుకాణదారుణ్ని నంజుకు తింటాడు. ఇది ఏ ఊళ్లో తిరిగిన బండి? ఆ ఊళ్లో ఆ ఏడాది వేసిన రంగు ఇదేనా? నెత్తిన కరెంటు తీగను తాకే కర్ర ఒకటా రెండా? పక్క రేకు మీద ఒక రివెట్టు తగ్గినా బొమ్మ వెనక్కి పోతుంది. తోటి సరదారాయుళ్లే ఇలాంటివాళ్లను రివెట్లు లెక్కపెట్టేవాళ్లని ఎగతాళి చేస్తారు. అంత చాదస్తం ఉన్నా వాళ్లకొక నియమం ఉంది. స్విచ్ వేస్తే బండి కదలాలి.

మన సేకర్తలకు అలాంటి పట్టింపులు లేవు. కదలకపోయినా ఫరవాలేదు, చక్రాలు లేకపోయినా ఫరవాలేదు, అసలు బండే లేకపోయినా నష్టం లేదు. సర్వే ఉంటే చాలు.

గద్వాల మీదుగా నిజాం కాలంలోనే మీటర్ గేజ్ రైలు నడిచింది. ఇప్పుడది బ్రాడ్ గేజ్. సికింద్రాబాద్ నుంచి కర్నూలు వైపు వెళ్లే బండ్లు కృష్ణ దాటి నడిగడ్డలో దిగి గద్వాలలో ఆగుతాయి. పడమటి నుంచి రాయచూరు లైను కూడా 2013లో వచ్చి గద్వాలలో కలిసింది. దాదాపు అరవై కిలోమీటర్లు. అక్కడి నుంచి అదే ఊపులో తూర్పుకు సాగి, వనపర్తి, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా 184 కిలోమీటర్లు నడిచి మాచర్ల చేరాలని దశాబ్దాల నాటి మాట. రాయచూరు నుంచి వచ్చినది నిజం పట్టా. గద్వాల నుంచి తూర్పుకు పోయేది మన సేకరణలోని అరుదైన వస్తువు. దీన్ని చూసి ముచ్చటపడిన తాతలున్నారు, ఇప్పుడు మనవళ్లు ముచ్చటపడుతున్నారు. పురావస్తువుకు ఉండాల్సిన లక్షణాలన్నీ దీనికున్నాయి, వస్తువు ఒక్కటే తక్కువ.

ఈ సేకరణలో రకాలున్నాయి. ప్రాథమిక సర్వే, ట్రాఫిక్ సర్వే, పాత సర్వేకు దుమ్ము దులిపి చేసిన పునఃసర్వే, అన్నిటికంటే ఖరీదైన ఫైనల్ లొకేషన్ సర్వే. ఒక్కోదానికీ విడిభాగాలు వస్తాయి: ఢిల్లీలో మంత్రికి వినతిపత్రం ఇస్తున్న ఫొటో, జిల్లా కేంద్రంలో విలేకరుల సమావేశం, చౌరస్తాలో ఫ్లెక్సీ. 2023లో తెలంగాణకు ఒకేసారి పదిహేను కొత్త లైన్ల ఫైనల్ లొకేషన్ సర్వేలు మంజూరయ్యాయి. అందులో మనకు డోర్నకల్–గద్వాల లైను దక్కింది, 296 కిలోమీటర్లు. 184 కిలోమీటర్ల పాత బొమ్మను అటకెక్కించి 296 కిలోమీటర్ల కొత్త బొమ్మ దించారు. దానివల్ల వనపర్తి ప్లాట్‌ఫాం మీద ఇంకో బెంచీ అయినా పడిందా అని అడగకండి. ప్లాట్‌ఫామే లేదు.

సర్వే మంజూరైందంటే మనవాళ్లు చేసే మొదటి పని ఫ్లెక్సీకి పాలాభిషేకం. నాకెప్పుడూ అర్థం కాని సంగతి ఇదే. హాంబర్గ్ వాళ్లు తమ బొమ్మ ఇంజన్లకు నూనె పోస్తారు, తిరుగుతాయని. మనం బొమ్మకు పాలు పోస్తాం, తిరగదని తెలిసి.

ఈ కళలో మన పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఒంటరిది కాదు. విశాఖపట్నంలో ఒకప్పుడు 79.91 కిలోమీటర్ల లైట్ రైలు కడతామన్నారు, దానికి తోడు 60 కిలోమీటర్ల ట్రామ్. ఆ .91 చూశారా? రివెట్లు లెక్కపెట్టేవాడు కూడా సిగ్గుపడాలి. లేని రైలును పది మీటర్ల తేడా రాకుండా కొలిచారు. విజయవాడకు లైట్ మెట్రో అన్నారు, వరంగల్‌కు మెట్రో నియో అన్నారు. పేర్లు మాత్రం భలే దొరుకుతాయి మనకు.

ఇక డబ్బు సంగతి. బడ్జెట్ అయ్యాక రైల్వే పింక్ బుక్ వస్తుంది. ఏ పనికి ఎంత అన్నది అందులో ఉంటుంది. పని చచ్చిపోలేదని చూపించడానికి కొన్నిటి పక్కన వెయ్యి రూపాయలు రాసే ఆచారం ఒకటుంది. కోట్లలో కాదు, లక్షల్లో కాదు, అక్షరాలా వెయ్యి. మన గద్వాల–మాచర్లకు ఏటా ఆ వెయ్యి ఠంచనుగా వస్తుందనే అనుకుందాం. మంచి రైలు పట్టా మీటరుకు 60 కిలోలు తూగుతుంది. కిలో ఉక్కు అరవై రూపాయలు వేసుకుంటే మీటరు 3,600. అప్పుడు మన వెయ్యికి వచ్చేది అడుగు కంటే తక్కువ. అదీ ఒక వైపు పట్టాకే. రెండో వైపుకు వచ్చే బడ్జెట్ దాకా ఆగాలి. 184 కిలోమీటర్లకు రెండు వైపులా పట్టాలు పరవడానికి ఉక్కు ఒక్కటే 132 కోట్ల పైమాట. ఏడాదికి వెయ్యి చొప్పున 13 లక్షల ఏళ్లు దాటుతుంది. త్రేతాయుగం పరిమాణం 12,96,000 సంవత్సరాలు. రాముడు పుట్టి, అడవికి పోయి, వారధి కట్టి, రాజ్యమేలి, ఆ యుగం మొత్తం ముగిసినా మనకు ఇంకా కొంత పట్టా బాకీ ఉంటుంది. స్లీపర్లు, కంకర, వంతెనలు ద్వాపరంలో చూసుకోవచ్చు.

అదే లైనును హాంబర్గ్ కొలతలో కట్టాలంటే రెండు కిలోమీటర్ల పైచిలుకు బొమ్మ పట్టా చాలు. పిల్లలైనా ఆడుకునేవాళ్లు.

వనపర్తికి స్టేషన్ లేదంటే కొందరికి కోపం వస్తుంది. ఉంది కదా, వనపర్తి రోడ్ అని! ఉంది. మదనాపురంలో ఉంది. పట్నానికి ఇంచుమించు పదిహేను కిలోమీటర్ల అవతల. కొత్తవాడు అక్కడ దిగి, "వనపర్తి ఇదేనా అన్నా?" అని అడిగితే ఆటో అన్న చాలా నిజాయితీగా చెప్తాడు: "రోడ్ ఇదే. వనపర్తి ఇంకా ముందరుంది." రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్న ఊరు అది. అక్కడ సివిల్ డిప్లొమా చదివినవాళ్లు గొలుసులు, థియోడలైట్లు పట్టుకుని దేశమంతా సర్వేలు చేసి ఉంటారు. సెలవుకు ఇంటికి రావాలంటే మాత్రం ఆటో అన్నే దిక్కు.

రైలెందుకు వేయరని అడిగితే ఒక పండిత సమాధానం సిద్ధంగా ఉంటుంది: పెట్టుబడికి తగ్గ రాబడి రాదట, రద్దీ లేదట. రైలు లేని చోట రైలు రద్దీ ఎలా ఉంటుందో ఆ పండితుడు చెప్పడు. శనివారం పెబ్బేరు సంతకు వచ్చి చూడమనండి. దసరా మర్నాడు వనపర్తి బస్టాండులో హైదరాబాద్ బస్సు ఎక్కి చూడమనండి. ఎక్కగలిగితే. పాలమూరు లేబరంటే ఈ దేశంలో తెలియని కాంట్రాక్టరు లేడు. ఆనకట్టలకు మట్టి మోసింది వీళ్లు, కాలువలు తవ్వింది వీళ్లు, ఎక్కడెక్కడో రైలు కట్టలు పోసింది వీళ్లు. ముంబైకి బతకబోయింది మాత్రం రాత్రంతా బస్సులో ఒళ్లు హూనం చేసుకుని. నిజం రైల్వేలు కట్టిన చేతులకు సొంతూళ్లో కాగితం రైలు చూపించి చప్పట్లు కొట్టమనడం వ్యంగ్యం కాదు, అవమానం.

చేతకాక ఆగిందా అంటే అదీ కాదు. పక్కనే నారాయణపేట వైపు మునీరాబాద్–మహబూబ్‌నగర్ పథకంలో జక్లేర్ నుంచి కృష్ణ స్టేషన్ దాకా 37 కిలోమీటర్ల లైను 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. 1997–98లో మంజూరైన పని అది. పాతికేళ్లు పట్టింది, నిజమే. కానీ కాచిగూడ నుంచి రాయచూరుకు ఆ దారిన బండి తిరుగుతోంది. ఆ పాతికేళ్లలో భూమి సేకరించారు, టెండర్లు పిలిచారు, కట్ట పోశారు. మన దగ్గర ఆ పాతికేళ్లలో ఫొటోలు దిగారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలను 2016 అక్టోబరు 11న ఒక్క రోజులో పుట్టించగలిగిన వ్యవస్థ, ఆ మూడింటినీ ఒక పట్టాతో కలపడానికి కాలజ్ఞానం తిరగేస్తోంది. పైగా ఆలంపూర్ నుంచి అచ్చంపేట దాకా, గద్వాల నుంచి కల్వకుర్తి దాకా ఏడు నియోజకవర్గాలూ నాగర్‌కర్నూల్ అనే ఒకే లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. ఒక్క ఎంపీ, ఒక్క లైను. బొమ్మను దాచుకోవడానికి ఇంతకంటే అనువైన అలమార ఉండదు. ఏ పార్టీవారు గెలిచినా తాళంచెవి చేతులు మారుతుంది, లోపలి వస్తువు భద్రంగా ఉంటుంది.

తప్పంతా నాయకులదేనని నేననను. కొనేవాడుంటేనే కదా బొమ్మ అమ్ముడయ్యేది. ఫైనల్ లొకేషన్ సర్వే అంటే పట్టా పడే దారి గుర్తించడమని, భూసేకరణ కాదని, టెండరు కాదని, డబ్బు అసలే కాదని చదువుకున్నవాళ్లమే ఫార్వర్డ్ కొట్టేముందు ఆగి చూసుకోం. "మన ఊరికి రైలొచ్చేసింది" అని వాట్సాప్‌లో పెట్టి, కింద ఎక్కడిదో వందేభారత్ ఫొటో అతికిస్తాం.

ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా పని చేసేవాడు రియల్ ఎస్టేట్ ఏజెంటు ఒక్కడే. అతను కదలని రైలును పట్టుకుని భూమి కదిలించాడు. సర్వే వార్త పేపర్లో పడ్డ వారానికి బ్రోచర్ అచ్చవుతుంది, నాలుగు రంగుల్లో, రైలు బొమ్మతో సహా. ఆదివారం కారు పంపి, భోజనం పెట్టి చేను చూపిస్తాడు. సున్నం కొట్టిన హద్దురాళ్లు వరసగా పాతి ఉంటాయి.

"స్టేషన్ ఎక్కడొస్తదన్నా?"

"సర్వే అయిపోయింది సార్. మీరు నిలబడ్డదే ప్లాట్‌ఫాం నంబర్ వన్."

"మరి రైలు?"

"అది ఫేజ్ టూ సార్."