సారు ఇంట్ల లేడు

పగటివేషగాళ్ల మకాం పడిందంటే ఒకప్పుడు కరీంనగర్ పల్లెల్లో వాడవాడా సందడే. రోజుకో వేషం. అన్నిట్లోకీ అర్ధనారీశ్వరుడు గొప్ప: ఒకే మొహానికి ఒకపక్క మీసం, ఒకపక్క ముక్కుపుడక. మధ్యలో గుడ్డ అడ్డంపెట్టుకుని ఇటు తిరిగితే శివుడు, అటు తిరిగితే పార్వతి. పైసలడిగేది మాత్రం వేషాలన్నీ అయిపోయాక, ఆఖరి రోజున.

అసలు నాటకం అప్పుడు మొదలయ్యేది. "సారు ఇంట్ల లేడు" అని పిల్లగాడు గడపలో నిలబడి చెబుతుంటే, లోపల సారు దగ్గు ఆపుకోలేక నానా తంటాలు పడేవాడు. వేషగాడికి ఆ దగ్గు వినబడకేం? అయినా "అట్లనా బిడ్డా, అచ్చేదాంక కూసుంట" అని అరుగెక్కేవాడు. సాటి నటుడికి ఆ మాత్రం మర్యాద చెయ్యాలి కదా.

ఇప్పుడు అరుగులు పోయి ఫోన్లు వచ్చాయి. పెద్దపల్లిలో పళ్లు తోముకుంటున్న మనిషి కరీంనగర్ దోస్తుతో "సుల్తానాబాద్ దాటిన" అంటాడు. వెనక కుక్కర్ కూస్తుంది.

"ఆ విజిలేందిరా?"

"కండక్టర్‌ది."

దోస్తు నమ్మడు. "జల్ది రా, బస్టాండ్లనే నిలబడ్డ" అంటాడు, దుప్పటి మీదికి లాక్కుంటూ.

ఆదిలాబాద్ రాజ్‌గోండుల దగ్గర ఈ చాటుమాటు వ్యవహారం లేదు. దీపావళి వేళ దండారీ పండుగలో, నిన్నటిదాకా పత్తి చేలో కనబడ్డ మనిషే నెమలీకల కిరీటం, కట్టుడు గడ్డం, ఒంటినిండా బూడిద, చేతిలో కర్రతో గుస్సాడీ అవుతాడు. దీక్ష ముగిసేదాకా స్నానం లేదు. దాన్ని వేషమంటే ఊరు ఒప్పుకోదు. దేవుడే వచ్చాడంటుంది, కాళ్లు మొక్కుతుంది. ఆ దేవుడు మహా కొంటెవాడు కూడా, దొరికినవాళ్లను దొరికినట్టు ఆటపట్టిస్తాడు. గుస్సాడీ నాట్యాన్ని ఎందరికో నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన కన్నుమూశారు.

కొలబోడి అనే చివరి వేడుకతో దండారీ ముగుస్తుంది. కిరీటాలు విప్పి, భద్రంగా దాచి, స్నానాలు చేస్తారు. అన్నాళ్లూ బావమరిదిని అందరి ముందూ ఏడిపించిన దేవుడు, పత్తి తోలడానికి ఇక ఆ బావమరిదినే ఎడ్లబండి అడగాలి.